లేబర్ రూమ్‌లో పార్టోగ్రాఫ్: పరీక్షలో వచ్చింది, మంచం దగ్గర రాలేదు

మా దగ్గర జీఎన్‌ఎం (నర్సింగ్, కాన్పు సేవల డిప్లొమా) మూడో సంవత్సరం చదివే అమ్మాయిలకు పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా ముందుకెళ్తోందో గంటగంటకూ గుర్తించే గ్రాఫ్, గీయడం బాగా వచ్చు. ‘ఉదయం 10 గంటలకు సర్విక్స్ (గర్భాశయ ముఖద్వారం) 4 సెంటీమీటర్లు, మధ్యాహ్నం 2 గంటలకు 7 సెంటీమీటర్లు, పది నిమిషాల్లో మూడు నొప్పులు, బిడ్డ గుండె చప్పుడు 144’ అని ప్రశ్నలో ఇస్తే చాలు, చకచకా గీసి చూపిస్తారు. సర్విక్స్ కొలతకు క్రాస్ ఎక్కడ పెట్టాలి, చుక్కలు ఎక్కడ పెట్టాలి, నొప్పి 20 సెకన్లలోపు ఉంటే గడి ఎలా నింపాలి, 40 సెకన్లు దాటితే ఎలా నింపాలి, అన్నీ చెబుతారు. అదే అమ్మాయిలు ప్రసూతి వార్డు పోస్టింగ్ నుంచి తెచ్చిన పార్టోగ్రాఫ్‌లు పక్కపక్కన పరిచి చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. ప్రతి తల్లికీ గంటకు సరిగ్గా ఒక సెంటీమీటరు. ప్రతి బిడ్డ గుండె చప్పుడూ 140 దగ్గర కదలకుండా ఒకే వరస. ఒక్క గ్రాఫ్ కూడా, కాన్పు నెమ్మదించిందని హెచ్చరించే ఎలర్ట్ లైన్ దాటలేదు. అలా నడిచే లేబర్ రూమ్ ఎక్కడా ఉండదు. అవన్నీ కాన్పు అయిపోయాక, డ్యూటీ దిగే ముందు కూర్చుని, పుట్టిన టైమ్ నుంచి వెనక్కి లెక్కేసి నింపిన కాగితాలు.

కోస్తాలో ఒక జిల్లా ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న నర్సింగ్ స్కూల్లో నేను మిడ్‌వైఫరీ చెబుతాను. ఒక బ్యాచ్‌తో, లేబర్ రూమ్ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో కలిసి ఈ ఒక్క కాగితం మీద చేసిన పనిని ఇక్కడ రాస్తున్నాను. థియరీకీ ప్రాక్టికల్‌కీ దూరం ఉందని నర్సింగ్‌లో ఉన్నవాళ్లందరం అంటాం. ఆ దూరం ఎక్కడ మొదలవుతుందో ఏదో ఒక పనిని పట్టుకుని చివరిదాకా చూస్తే గానీ తెలియదు. క్లాసులో అంకెలు ఇచ్చి గ్రాఫ్ గీయమంటాం. వార్డులో అంకెలు ఎవరూ చేతికివ్వరు. తల్లి పక్కన కూర్చుని, పొట్ట మీద చెయ్యి పెట్టి, గడియారం చూసుకుంటూ వాటిని తెచ్చుకోవాలి. పాఠంలో ఆ సగం మా టైమ్‌టేబుల్లో ఎక్కడా లేదు. ఈ కేసులో మాకు అన్నిటికంటే ముందు తేలిన విషయం అదే.

ఆ రెండు గీతలు ఎందుకొచ్చాయి

సర్విక్స్ ఎంత వేగంగా తెరుచుకుంటుందో గ్రాఫ్‌గా గీసి 1954లో చూపించినవారు అమెరికా వైద్యుడు ఇమాన్యుయేల్ ఫ్రీడ్‌మన్. 1972లో ఫిల్‌పాట్, కాజిల్ అనే ఇద్దరు వైద్యులు అప్పటి రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, ఆ గ్రాఫ్‌కి ఎలర్ట్ లైన్, యాక్షన్ లైన్ చేర్చారు. అక్కడ ఊళ్లలో చిన్న కేంద్రాలను మిడ్‌వైఫ్‌లే నడిపేవారు. డాక్టరు, ఆపరేషన్ థియేటరు ఎక్కడో దూరాన పట్నంలో ఉండేవి. గంటకు ఒక సెంటీమీటరు కంటే నెమ్మదిగా వెళ్తున్న తల్లిని ముందే గుర్తుపట్టి బయలుదేరదీయడానికి ఎలర్ట్ లైన్ పెట్టారు. దానికి నాలుగు గంటలు కుడివైపున యాక్షన్ లైన్ ఉంటుంది. మధ్యలో ఉన్న ఆ నాలుగు గంటల్లో తల్లి పెద్దాసుపత్రికి చేరాలి, అక్కడివాళ్లు చూసి నిర్ణయం తీసుకోవాలి.

ఇప్పుడు ఈ కథతోనే పాఠం మొదలుపెడుతున్నాను. మార్కుల గ్రాఫ్ అనుకున్నంతకాలం పిల్లలకు ఆ గీతల మీద గురి కుదరలేదు. అల్లూరి జిల్లా నుంచి వచ్చిన ఒక అమ్మాయికి మాత్రం రెండో వాక్యం చెప్పే అవసరం రాలేదు. డోలీలో తల్లిని రోడ్డుదాకా మోసుకురావడం ఆమె కళ్లారా చూసింది. ‘అయితే మా ఊరి పీహెచ్‌సీలో లైన్ దాటగానే బండికి ఫోన్ చెయ్యాలి, ఇక్కడ లైన్ దాటితే డాక్టర్ని పిలవాలి, అంతేగా మేడమ్?’ అంది. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ పట్టే విషయం అది.

వార్డులో కనబడినవి

పొద్దుటి షిఫ్టుల్లో లేబర్ రూమ్‌లో నిలబడి, ఏమీ మార్చకుండా కొన్నాళ్లు చూశాను. మొదట కనబడింది పని పంచే పద్ధతి. ఒకమ్మాయికి అందరి బీపీలు, ఒకమ్మాయికి ఇంజెక్షన్లు, ఇంకొకరికి పుట్టిన బిడ్డల పని, మరొకరికి రిజిస్టరు. వార్డు పని త్వరగా తెమలడానికి ఇది బాగానే ఉంటుంది. కానీ 4 సెంటీమీటర్ల దగ్గర నుంచి బిడ్డ పుట్టేదాకా ఒక తల్లిని చూసిన విద్యార్థిని ఒక్కరూ ఉండరు. పార్టోగ్రాఫ్ అంటే ఒక మనిషి గడిపిన కొన్ని గంటల కథ. ముక్కలు ముక్కలుగా చూసినవాళ్లు దాన్ని రాయలేరు.

రెండోది, అంకెలు గాల్లో పోవడం. డ్యూటీ డాక్టర్ పీవీ (యోని ద్వారా వేళ్లతో చేసే పరీక్ష) చేసి ‘ఫైవ్ టు సిక్స్, మెంబ్రేన్స్ ఉన్నాయి’ (అంటే 5 నుంచి 6 సెంటీమీటర్లు, ఉమ్మనీటి సంచి పగల్లేదు) అని సిస్టర్‌తో అనేసి పక్క టేబుల్ దగ్గరికి వెళ్తారు. అది కేస్ షీట్‌లోకి ఎక్కేసరికి చాలాసేపవుతుంది, టైమ్ కూడా సుమారుగా పడుతుంది. ఖాళీ పార్టోగ్రాఫ్ కాగితాలు నర్సింగ్ స్టేషన్ బీరువాలో ఉంటాయి, తాళం ఇంకొకరి దగ్గర.

మూడోది నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నొప్పులు లెక్కపెట్టడం. ‘నొప్పులొస్తున్నాయా అక్కా?’ అని అడుగుతారు. ‘వస్తున్నాయమ్మా’ అంటుందామె. పది నిమిషాల్లో మూడు అని రాసేస్తారు. పొట్ట మీద అరచెయ్యి ఆనించి, గట్టిపడటం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు వదిలింది, పది నిమిషాల్లో ఎన్నిసార్లు అని పూర్తిగా కూర్చుని చూసినవాళ్లు బ్యాచ్‌లో దాదాపు లేరు. పుస్తకంలో ఉంది కదా అని అడిగితే ఒకమ్మాయి, ‘పది నిమిషాలు ఒకే చోట కూర్చుంటే పని లేకుండా కూర్చున్నావేంటని అంటారు మేడమ్’ అని నిజం చెప్పింది.

గ్రాఫ్‌లన్నీ ఒకేలా ఎందుకున్నాయని ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని అడిగాను. ఆవిడకు లేబర్ రూమ్‌లో చాలా ఏళ్ల అనుభవం. ‘కొట్టివేతలుంటే రికార్డు బుక్కులో మార్కులు తగ్గుతాయని పిల్లలకు టెన్షన్. అందుకే చివర్లో ఒకేసారి ఫెయిర్ చేస్తారు. గీత దాటినట్టు రాస్తే ఎందుకు దాటిందని అడుగుతారు కదా, అదీ భయమే’ అన్నారు. నీట్‌నెస్‌కి మార్కులు పెట్టే పద్ధతి ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నది. దొంగ గ్రాఫ్‌కి అదే బహుమతి ఇస్తోంది. ఎన్ని డెమోలు చెప్పినా ఈ ఒక్కటి మారకపోతే ఏదీ మారదని అప్పుడే అర్థమైంది.

ఏం మార్చాం

పెద్ద ఖర్చు పెట్టే పనులేవీ చెయ్యలేదు. ప్రసూతి విభాగం డాక్టర్లతో, ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో కూర్చుని ముందు ఒక్క అనుమతి అడిగాం: మా అమ్మాయిలకు పనిని బట్టి కాకుండా తల్లిని బట్టి డ్యూటీ వెయ్యాలి. ఒక విద్యార్థిని, ఒక తల్లి, కాన్పయ్యేదాకా. వార్డు పని కుంటుపడుతుందేమోనని మొదట అభ్యంతరం వచ్చింది, అది న్యాయమైన అభ్యంతరమే. బ్యాచ్‌లో కొందరిని తల్లుల దగ్గర ఉంచి మిగతావాళ్లను మామూలు పనుల్లో తిప్పేలా ఒప్పందం కుదిరింది. వారం తిరిగేసరికి వాళ్లు ఇటు, వీళ్లు అటు. ఖాళీ కాగితాలు బీరువాలోంచి లేబర్ టేబుళ్ల పక్కన వేలాడే క్లిప్ బోర్డుల్లోకి వచ్చాయి.

క్లాసులో అంకెల జాబితా ఇవ్వడం మానేశాం. నేనే తల్లినయ్యాను. కుర్చీలో కూర్చుని, నొప్పి వచ్చినప్పుడు పిడికిలి బిగించేదాన్ని, పోయినప్పుడు వదిలేదాన్ని. విద్యార్థిని నా పిడికిలి మీద చెయ్యి వేసి, గోడ గడియారం చూస్తూ పది నిమిషాలు లెక్కపెట్టాలి. ఆ పది నిమిషాలు క్లాసంతా మౌనంగా ఉండాలి. మొదటిసారి నాలుగో నిమిషానికే కుర్చీల్లో కదలడం మొదలైంది. నేను కావాలనే మధ్యలో ఒక నొప్పిని 15 సెకన్లకే వదిలేశాను, దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోలేదు. బిడ్డ గుండె చప్పుడు, నాడి, మూత్రం, తిండి, ఇవేవీ నేనై చెప్పను. అడిగితేనే చెబుతాను. ‘ఉమ్మనీరు పోయిందా?’ అని అడగని అమ్మాయి గ్రాఫ్‌లో ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ గడి గురించే తర్వాత మాట్లాడుకుంటాం.

డైలటేషన్‌ కోసం అట్టలో 1 నుంచి 10 సెంటీమీటర్ల దాకా రంధ్రాలు కత్తిరించి, గుడ్డ కప్పి, చూపుడువేలు, మధ్యవేలు చాపి కొలవమన్నాం. ప్రతి అమ్మాయీ తన రెండు వేళ్లు ఎంత వెడల్పు సాగుతాయో స్కేలు మీద కొలిచి రాసుకుంది. చేతులు చిన్నగా ఉన్నవాళ్లకు 7, 8 దగ్గర ఎప్పుడూ పొరపాటే వస్తోందని అక్కడ తేలింది.

ఇక్కడొక విషయం గట్టిగా చెప్పాలి. నేర్చుకోవడానికని తల్లికి అదనంగా పీవీ చేయడాన్ని పూర్తిగా ఆపేశాం. నాలుగు గంటలకోసారి ఎలాగూ చెయ్యాల్సిన పరీక్షలో, తల్లిని అడిగి, ఆమె సరేనంటేనే, సిస్టర్ పక్కన ఉండగా విద్యార్థిని చూస్తుంది. వద్దంటే వద్దంతే. ప్రతి అదనపు పరీక్షతో ఇన్‌ఫెక్షన్ ముప్పు ఒకటైతే, ఆ స్థితిలో ఉన్న మనిషి గౌరవం ఇంకొకటి. అట్ట రంధ్రాలున్నది అందుకే.

మార్కుల విషయం సిస్టర్ చెప్పినట్టే సరిచేశాం. రికార్డులో కొట్టివేతకు మార్కు పోదు, పక్కన టైమ్ వేసి సంతకం చేస్తే చాలు. మార్కులన్నీ ఒక ప్రశ్న చుట్టూ పెట్టాం: ఈ గ్రాఫ్ చూసి ఎవరికి, ఎప్పుడు, ఏమని చెబుతావు? ఆ చెప్పడానికి ఎస్‌బార్ పద్ధతి నేర్పాం. ఇప్పుడేం జరుగుతోంది, ఇంతకుముందేం జరిగింది, నాకేమనిపిస్తోంది, మీ నుంచి నాకేం కావాలి. చివరి వాక్యం చెప్పడమే మన పిల్లలకు కష్టం. డాక్టరుగారితో ‘మీరొచ్చి చూడాలి’ అనడానికి నోరు రాదు. సిస్టర్ ఒకరోజు క్లాసుకొచ్చి డాక్టరు పాత్ర తీసుకుని, ‘నేను బిజీగా ఉన్నా, తర్వాత చూస్తా’ అంటూ ఒక్కొక్కరినీ పరీక్షించారు. ఆ గంట నా క్లాసులన్నిటికంటే బాగా పనిచేసింది.

ఒక తల్లి, ఒక గ్రాఫ్

తొలి కాన్పు. ఉదయం 9 గంటలకు సర్విక్స్ 4 సెంటీమీటర్లు, పది నిమిషాల్లో మూడు నొప్పులు, ఒక్కోటీ 30 సెకన్ల పైనే. బిడ్డ గుండె చప్పుడు 142. ఉమ్మనీటి సంచి చెక్కుచెదరలేదు. బీపీ, నాడి మామూలే. ఆమె దగ్గర కూర్చున్న విద్యార్థిని క్లాసులో పెద్దగా మాట్లాడే మనిషి కాదు. అరగంటకోసారి నొప్పులు, గుండె చప్పుడు, నాడి రాస్తూ వచ్చింది.

ఒంటిగంటకు సిస్టర్ పీవీ చేశారు. 6 సెంటీమీటర్లు. ఎలర్ట్ లైన్ ప్రకారం ఆ టైమ్‌కి 8 ఉండాలి. క్రాస్ గీతకు కుడివైపు పడింది, యాక్షన్ లైన్‌కి ఇంకా దూరముంది. విద్యార్థిని నా దగ్గరికొచ్చి, ‘మేడమ్, దాటింది’ అంది. ఏం చెయ్యాలో నేను చెప్పలేదు. మంచం దగ్గరికి తీసుకెళ్లి, గ్రాఫ్ కింద నొప్పులు రాసే వరసలు గట్టిగా చదవమన్నాను. పది గంటలకు మూడు నొప్పులు. పదకొండుకి రెండు, 25 సెకన్లు. పన్నెండున్నరకీ రెండే. ఇంకేం తెలుసు ఈ తల్లి గురించి? పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. మూత్రాశయం నిండి ఉబ్బుగా తగిలింది. అడిగితే, పొద్దున ఆరింటికి వెళ్లింది, మళ్లీ వెళ్లలేదు. రాత్రి నుంచి ఏమీ తినలేదు. కాన్పుకి ముందు తినకూడదని ఇంట్లో పెద్దవాళ్లన్నారట.

డ్యూటీ డాక్టర్‌కి ఆ అమ్మాయే చెప్పింది. తొలి కాన్పు, నాలుగు గంటల్లో 4 నుంచి 6కి వచ్చింది, ఎలర్ట్ లైన్ దాటింది, నొప్పులు పది నిమిషాల్లో రెండుకి తగ్గాయి, గుండె చప్పుడు 138, బాగుంది, మూత్రాశయం నిండి ఉంది, మూత్రానికి పంపుతున్నాం, మీరొచ్చి చూడాలి. గొంతు కొంచెం వణికింది కానీ చివరి వాక్యం వదల్లేదు. డాక్టర్ వచ్చేలోపు తల్లి మూత్రానికి వెళ్లొచ్చింది, మజ్జిగ తాగింది, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని వరండాలో కాసేపు నడిచింది. డాక్టర్ చూసి, తల దిగుతోందని, దారి ఇరుకుగా ఉన్న లక్షణాలేవీ లేవని నిర్ధారించుకుని ఉమ్మనీటి సంచి పగలగొట్టారు. నీరు తేటగా ఉంది. తర్వాత గంటలో నొప్పులు నాలుగుకి పెరిగాయి, ఒక్కోటీ 40 సెకన్లు దాటింది. సాయంత్రం మామూలు కాన్పు. బిడ్డ పుట్టిన నిమిషంలోపు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండరానికి ఇవ్వడం, బొడ్డుతాడును అదుపుగా లాగి మాయ తీయడం, గర్భాశయం గట్టిపడిందో లేదో తడిమి చూడటం, అన్నిటికీ ఆ విద్యార్థిని పక్కనే ఉంది. రక్తస్రావం మామూలుగానే ఉంది. బిడ్డ వెంటనే ఏడ్చింది.

గ్రాఫ్ వల్లే కాన్పు సాఫీగా అయిందని నేను చెప్పను. పార్టోగ్రాఫ్ వాడినంత మాత్రాన తల్లీబిడ్డల ఫలితాలు మెరుగవుతాయని వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సమీక్ష కూడా గట్టిగా తేల్చలేదు. కాగితం ఎవరినీ కాపాడదు, దాన్ని చదివి కదిలే మనిషి కావాలి. మాకు ఈ కేసు ముఖ్యమైంది డ్యూటీ అయ్యాక జరిగిన చర్చ వల్ల.

రోజూ డ్యూటీ దిగాక సెమినార్ గదిలో ఆ రోజు గ్రాఫ్‌లు గోడకు అంటించి అరగంట మాట్లాడుకుంటాం. ఆ రోజు ఇదే గ్రాఫ్ అంటించాం. తోటి విద్యార్థిని ఒకరు, ‘గీత ఒంటిగంటకు దాటింది. కానీ నొప్పులు తగ్గినట్టు పదకొండుకే ఇక్కడ రాసుంది కదా?’ అని అడిగింది. గదిలో అందరూ ముందుకు వంగి చూశారు. నిజమే. రెండు గంటల ముందే కింది వరస చెబుతోంది, ఎవరూ చదవలేదు. క్లాసులో పార్టోగ్రాఫ్ అంటే మనం చెప్పేదంతా పైన ఉన్న క్రాసుల గురించే. ఎలర్ట్ లైన్, యాక్షన్ లైన్ కూడా వాటికే ఉన్నాయి. నొప్పుల గడులకు ఏ లైనూ ఉండదు కాబట్టి వాటిని నింపాల్సిన ఖాళీలుగానే చూస్తాం. పీవీ నాలుగు గంటలకోసారి, నొప్పులు అరగంటకోసారి. అంటే మంచం దగ్గర కూర్చున్న నర్సు చేతికి తెలిసే సంగతి, గీతకు తెలిసేదానికంటే ఎంతో ముందు తెలుస్తుంది. నొప్పులు తగ్గితే వెంటనే మూత్రాశయం చూడటం, తాగించడం, నడిపించడం, ఇవన్నీ డాక్టర్ కోసం ఆగనక్కర్లేని నర్సింగ్ పనులు.

ఆ రోజు నుంచి పాఠం తిరగబడింది. కింది వరసలతో మొదలుపెట్టి పైకి వెళ్తున్నాం. ఈ మార్పు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, విద్యార్థినుల మాటల్లోంచి వచ్చింది. వార్డు క్లాసుకి పాఠం చెప్పడమంటే నా దృష్టిలో ఇదే.

నిలబడని చోట్లు

పగటి షిఫ్టులో వచ్చిన మార్పు రాత్రి షిఫ్టులో రాలేదు. రాత్రి ట్యూటర్ ఉండరు, స్టాఫ్ తక్కువ, కాన్పులు ఎక్కువ. తెల్లారి చూస్తే కొన్ని గ్రాఫ్‌లు మళ్లీ పాత పద్ధతిలో, ఒకే పెన్నుతో ఒకే చేతివాటంతో నింపి ఉంటున్నాయి. ఇది పిల్లల నిజాయితీ సమస్య కాదు. ముగ్గురు తల్లులకు ఒక్కరే ఉన్నప్పుడు పొట్ట మీద పది నిమిషాలు చెయ్యి పెట్టడం కుదరదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో కూడా పాఠంలో ఉండాలని సిస్టర్ పట్టుబట్టారు. చూడలేకపోయిన గడిని ఖాళీగా వదలడం, ఊహించి నింపకపోవడం, గుండె చప్పుడును మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వదలకపోవడం. ఖాళీ గడికి మార్కు తీసేయకూడదని అందుకే రూల్ పెట్టుకున్నాం.

ఇంకో కేసులో నొప్పి తగ్గాక కూడా గుండె చప్పుడు 100కి పడిపోతోందని విద్యార్థిని చెబితే, మొదట విన్నవాళ్లు తల్లి నాడినే బిడ్డ గుండె చప్పుడు అనుకుని ఉంటావని కొట్టిపారేశారు. ఆమె ఒక చేత్తో తల్లి మణికట్టు మీద నాడి చూస్తూ, రెండో చేత్తో డాప్లర్ (బిడ్డ గుండె చప్పుడు వినిపించే పరికరం) పెట్టి, రెండు అంకెలూ వేరని చూపించి మళ్లీ చెప్పింది. అప్పుడు కదిలారు. తల్లి నాడీ, బిడ్డ గుండె చప్పుడూ ఒకేసారి చూడటం ఇప్పుడు ప్రతి విద్యార్థినికీ పోస్టింగ్ మొదటి రోజునే చేయించి చూస్తున్నాం.

ఇప్పుడు కొత్త కాగితం

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పార్టోగ్రాఫ్ స్థానంలో లేబర్ కేర్ గైడ్ అనే కొత్త కాగితం తెచ్చింది. యాక్టివ్ లేబర్ (కాన్పు వేగం పుంజుకునే దశ) 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుందని, ప్రతి తల్లికీ గంటకు ఒక సెంటీమీటరు అన్న కొలత సరిపోదని 2018లోనే ఆ సంస్థ సిఫార్సు చేసింది. కొత్త కాగితంలో వాలుగీతలు లేవు. 5 దగ్గర 6 గంటలు, 6 దగ్గర 5 గంటలు, 7 దగ్గర 3 గంటలు దాటి ఆగితే హెచ్చరిక. అంతకంటే నాకు నచ్చింది, తోడు మనిషి ఉన్నారా, నోటిద్వారా ఏమైనా తాగుతోందా, ఏ భంగిమలో ఉందీ అన్న వరసలు కాగితంలో పైభాగంలోనే ఉండటం. మజ్జిగ, నడక, తల్లి చెయ్యి పట్టుకునే మనిషి ఇప్పుడు రికార్డులో భాగం.

మా వార్డులో ఇంకా పాత సింప్లిఫైడ్ పార్టోగ్రాఫే వాడుతున్నారు, పరీక్షల్లోనూ అదే వస్తోంది. ‘ఏది నేర్చుకోవాలి మేడమ్?’ అని పిల్లలు అడుగుతున్నారు. రెండూ చెబుతున్నాం. ఒకే తల్లి వివరాలను రెండు కాగితాల మీదా వేయించి, ఎక్కడ హెచ్చరిక ముందొచ్చింది, ఎక్కడ వెనకొచ్చింది అని పోల్చమంటున్నాం. పైన చెప్పిన తల్లిని కొత్త కాగితం మీద వేస్తే ఒంటిగంటకు సర్విక్స్ వరసలో హెచ్చరిక రాదు. నొప్పుల వరసలో మాత్రం పది నిమిషాల్లో రెండు అన్న అంకె దగ్గర వస్తుంది.

రాత్రి షిఫ్టు కోసం ఆసుపత్రికి ఒక ప్రతిపాదన పెట్టాం. స్టాఫ్ నర్సుల్లోంచి ఒక్కొక్క షిఫ్టుకి ఒకరిని ప్రిసెప్టర్‌గా (వార్డులో పక్కనుండి నేర్పే నర్సుగా) గుర్తించి, విద్యార్థినుల గ్రాఫ్‌లు ఆ షిఫ్టులోనే చూసి సంతకం చేసేలా, అందుకు తగ్గట్టు ఆ నర్సుకి మిగతా పని తగ్గించేలా. పని తగ్గించకుండా ప్రిసెప్టర్ అన్న పేరు మాత్రం ఇస్తే ఆ సంతకాలు కూడా తెల్లవారుజామున ఒకేసారి పడతాయి. అందుకే రెండో షరతు ఒప్పుకోకపోతే మొదటిది కూడా మొదలుపెట్టవద్దని సిస్టర్, నేను కలిసి రాసిచ్చాం.